ఐదో తరగతి చిట్టి

మా బడికి వచ్చేవాళ్ళంతా వెళ్ళిపోయేవాళ్ళే. గేటు మీద ఇత్తడి అక్షరాలతో అంతర్జాతీయ పాఠశాల అని రాసి ఉంటుంది. దానికి అసలు అర్థం ఇదేనని రిసెప్షన్ బల్ల వెనక కూర్చున్న మొదటి ఏడాదే నాకు తెలిసిపోయింది. తండ్రికి బదిలీ అయితే పిల్లలు వెళ్ళిపోతారు, ఒప్పందం అయిపోతే టీచర్లు వెళ్ళిపోతారు. ఏడాది చివర్లో హాలులో కేకు కోస్తారు, కౌగిలించుకుంటారు, కళ్ళు తుడుచుకుంటారు, రోజూ మాట్లాడుకుందాం అని ఒకరికొకరు ఒట్లు పెట్టుకుంటారు. సెలవులు కాగానే ఆ కుర్చీల్లో కొత్త ముఖాలుంటాయి. కదలకుండా ఉండిపోయేది మేం కొద్దిమందిమే. వాచ్‌మన్, బస్సు డ్రైవర్లు, ఫీజుల గుమాస్తా, నేను, లైబ్రరీలో లింకులమ్మ.

లింకులమ్మ అన్న పేరు ఎవరో సైన్సు మాస్టారు పెట్టాడు. ఆయన వెళ్ళిపోయాడు, పేరు మాత్రం మా దగ్గర ఉండిపోయింది. ఆవిడ ఉద్యోగం లైబ్రేరియన్. పుస్తకాలకు నంబర్లు అతికించడం, తిరిగి ఇవ్వని వాళ్ళ వెంటపడటం, మెత్తటి దిండ్ల మీద పడుకుని నిద్రపోయే పిల్లల్ని లేపి క్లాసుకు పంపడం అన్నీ ఆవిడ పనులే. అయితే ఆవిడను బడికి ముఖ్యమైన మనిషిని చేసింది పుస్తకాలు కావు, బడి వెబ్‌సైటులో ఒక మూలనున్న పేజీ. టీచర్లకూ పిల్లలకూ పనికొచ్చే సైట్లన్నీ అందులో ఉంటాయి. లెక్కలు సాధన చేసుకునేవి, పాత ప్రశ్నపత్రాలు దొరికేవి, ఉల్లిపొర కణాలను తెర మీదే పెద్దవి చేసి చూపించేవి, వేరే దేశాల టీచర్లు తమ పాఠాల ప్రణాళికలు పెట్టేవి. కొత్తగా వచ్చిన టీచరుకు తాళంచెవి కన్నా ముందు ఆ పేజీ అడ్రసు ఇవ్వాలి. అది నా పని.

ఆ పేజీలో ఒక్కో లింకు పక్కన ఆవిడ ఒకటి రెండు మాటలు రాసేది. ఆ మాటల కోసమే నేను ఖాళీగా ఉన్నప్పుడు అది తెరిచి చదువుకునేదాన్ని. కణాల సైటు పక్కన "మొదట అంతా నల్లగా కనిపిస్తుంది. చెడిపోలేదు, కాసేపు ఆగండి" అని ఉంటుంది. జంతువుల సైటు పక్కన "పులి బొమ్మ నొక్కితే గట్టిగా గర్జిస్తుంది. ముందే సౌండు తగ్గించుకోండి. ఒకటో తరగతి పిల్లలు బల్లల కింద దూరారు" అని. పాత ప్రశ్నపత్రాల దగ్గర "జవాబులు కూడా ఇక్కడే ఉన్నాయి. ఈ సంగతి పిల్లలకు ఎప్పుడో తెలుసు, మీకూ తెలియాలని రాస్తున్నాను" అని. చరిత్ర పటాల సైటు దగ్గరైతే "సరిహద్దుల దగ్గర పోట్లాటలు వస్తాయి. పక్కపక్క దేశాల పిల్లలు మీ క్లాసులో ఉంటే ముందు మీరు చూసుకుని తెరవండి" అని. టీచర్ల పాఠాల దగ్గర "నచ్చినవి తీసుకోండి, మీవి కూడా పెట్టండి. తీసుకునేవాళ్ళే ఎక్కువగా ఉన్నారు" అని ఒక చురక.

పేజీలో ఇంత గలగలా మాట్లాడే మనిషి బయట మాత్రం నోట్లోంచి మాట రాల్చేది కాదు. పొద్దున నా బల్ల ముందు నుంచి వెళ్తూ తల ఊపేది, సాయంత్రం వెళ్తూ తల ఊపేది. మధ్యాహ్నం లైబ్రరీ వెనక పాత పత్రికలు పేర్చిన చిన్న గదిలో తలుపు వేసుకుని తన డబ్బా తినేది. నేను నా బల్ల దగ్గరే, ఒక చెవి ఫోనుకిచ్చి తినేదాన్ని. రిసెప్షన్‌లో కూర్చునేవాళ్ళకు భోజనం అంటే అంతే. ఆవిడ పెళ్ళి చేసుకోలేదనీ, తల్లిని చూసుకుంటూ ఉండిపోయిందనీ, ఆ తల్లి పోయి చాలా కాలమైందనీ ఫీజుల గుమాస్తా ఒకసారి చెప్పాడు. ఇదే ఊళ్ళో ఒక తమ్ముడున్నాడు. అతను అప్పుడప్పుడు బడి ఫోనుకే చేసేవాడు. నేను లైన్ కలిపేలోపు కూడా ఆగలేక నాతోనే చెప్పేవాడు, మా పిల్లకు గ్రహాల మీద ప్రాజెక్టు ఉంది, మంచి లింకేదైనా ఉంటే పంపమని అక్కకు చెప్పండి అని. చెప్పేదాన్ని. ఆవిడ పంపేది. అంతటితో అక్కా తమ్ముళ్ళ మాటలు అయిపోయేవి.

ఇక చిట్టి సంగతికి వస్తాను.

లింకు పెట్టడం తేలిక, అది బతికుందో లేదో చూసుకోవడం కష్టం. నిన్నటిదాకా ఉచితంగా ఉన్న సైటు ఇవాళ డబ్బులడుగుతుంది, ఇంకోటి ఉన్నట్టుండి మాయమైపోతుంది. అందుకని ఆవిడ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని ఒక్కో లింకూ తెరిచి చూసేది. అదీ టీచరుగా కాదు, పిల్లగా. టీచరుగా లోపలికి వెళ్తే అన్ని తలుపులూ తెరుచుకుంటాయి, జవాబులు కూడా కనిపిస్తాయి. పిల్లలకు ఏది కనిపిస్తుందో, ఎక్కడ దారి మూసుకుపోతుందో తెలియాలంటే పిల్ల పేరుతోనే వెళ్ళాలి. ప్రతి బడిలోనూ ఇలాంటి ఉత్తుత్తి విద్యార్థి ఒకడుంటాడు. మామూలుగా వాడికి ఏదో ఒక నంబరు తగిలిస్తారు. మా లింకులమ్మ మాత్రం ఐదో తరగతిలో ఒక ఆడపిల్లను చేర్చి, చిట్టి అని పేరు పెట్టింది. సైట్లలో పిల్లల అసలు పేర్లు వాడకూడదని నియమం. అందరూ ముద్దు పేర్లే పెట్టుకోవాలి. కాబట్టి చిట్టి ఎవరికీ తేడాగా కనిపించలేదు.

ఆ పేజీలో ఒక కథల సైటు ఉంది. దేశాలు మారుతూ పెరిగే పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష మరిచిపోకూడదని పెట్టింది. కథ చదివాక అడిగినదానికి పిల్లలు వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు రాస్తారు, ఆ భాష వచ్చిన పెద్దమనిషి ఎవరో ఎక్కడినుంచో చదివి జవాబు రాస్తారు. జీతం లేదు, ఇష్టంతో చేస్తారు. మన తెలుగు పిల్లలకు జవాబిచ్చేవాళ్ళ పేరు చదువరి అత్తయ్య. అక్కడ పెద్దవాళ్ళకు కూడా ముద్దు పేర్లే.

తప్పిపోయిన కుక్కపిల్ల కథ దగ్గర "కుక్కపిల్లకు ఎందుకు దిగులు?" అని ప్రశ్న ఉంది. జవాబు రాసే పెట్టె పనిచేస్తోందో లేదో చూడాలని లింకులమ్మ అందులో "అ ఆ ఇ ఈ" అని కొట్టి పంపింది. మర్నాటికి జవాబు వచ్చింది. "చిట్టీ, అక్షరాలన్నీ వరుసగా భలే రాశావే! అది సరే, కుక్కపిల్ల సంగతి చెప్పవూ?" అని.

ఆవిడకు సిగ్గేసింది. ఒక మనిషిని ఊరికే శ్రమ పెట్టానే అనుకుని, కథ మొత్తం చదివి, కుక్కపిల్లకు దిగులు తప్పిపోయినందుకు కాదు, ఎవరూ వెతకడం లేదేమోనని అని రాసింది. దానికీ జవాబు వచ్చింది. ఆ పై శుక్రవారం ఇంకో కథ. అలా మొదలైంది.

చిట్టి అన్నది ఆవిడ ఇంటి పేరు. అంటే ఇంటిపేరు కాదు, ఇంట్లో తల్లి పిలిచే పేరు. తల్లితోపాటు ఆ పిలుపూ పోయింది. ఇప్పుడు వారం వారం ఎవరో "చిట్టీ" అని పిలిచి, ఏం చేస్తున్నావు, జలుబు తగ్గిందా, ఇవాళ మీ ఊళ్ళో వాన పడిందా అని అడుగుతున్నారు. అడిగినవాటికి ఆవిడ ఉన్నదున్నట్టు రాసింది. అబద్ధం ఒక్కటీ రాయలేదు. ఐదో తరగతి అన్నది తప్ప.

ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. నాకు ముందు తెలిసింది మా కౌన్సిలర్ కంగారు.

కౌన్సిలర్ అంటే పిల్లల మనసు సంగతులు చూసే ఆవిడ. ఆ ఏడాదే కొత్తగా వచ్చింది. మెడలో రంగుల తాడు, చేతిలో ఎప్పుడూ నీళ్ళ సీసా, నడక కాదు పరుగే. వచ్చిన వారంలోనే బడి అంతా పోస్టర్లు అంటించింది. "ఎవరితోనైనా మాట్లాడాలని ఉందా? నా తలుపు తెరిచే ఉంటుంది" అని. మెట్ల దగ్గర ఒకటి, బాత్రూముల దగ్గర ఒకటి, లైబ్రరీ తలుపు మీద ఒకటి. లైబ్రరీది వంకరగా అంటిస్తే లింకులమ్మ తీసి, సరిగ్గా అంటించింది.

ఒక ఉదయం కౌన్సిలర్ ముఖం పాలిపోయి, ఐదో తరగతి పిల్లల వివరాల పట్టికలు అడిగింది. ఎందుకని అడిగితే చెప్పకూడదంది. పిల్లల క్షేమానికి సంబంధించిన విషయం ఏదైనా సరే మూడో మనిషికి చెప్పకూడదని వాళ్ళ నియమం. మూడో మనిషిని నేనే కాబట్టి నోరు మూసుకుని పట్టికలు ఇచ్చాను. మధ్యాహ్నం ఐదో తరగతి టీచరును పిలిపించింది. ఆ తర్వాత లైబ్రరీకి వెళ్ళింది. సైట్లలో పిల్లలకు పేర్లు ఇచ్చేది లింకులమ్మే కదా. చిట్టి అన్న పేరు ఏ పిల్లది అని అడిగిందట. ఎందుకో చెప్పలేదు, చెప్పకూడదు కదా.

పెద్దవాళ్ళు పిల్లల పేరుతో సైట్లలో కబుర్లు చెప్పకూడదని ఆ పేజీ మొదట్లోనే ఎర్రక్షరాలతో రాసి ఉంటుంది. రాసింది కూడా లింకులమ్మే. లింకులు సరిచూడటం వరకు పర్వాలేదు, దాని మీద ఎవరూ తప్పు పట్టరు. వారం వారం ఉత్తరాలు రాసుకోవడానికి మాత్రం ఏ సాకూ లేదు. దొరికిపోయాననుకుంది. ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, చిట్టిని తీసేస్తారన్నది మాత్రం ఖాయం. కిందటి శుక్రవారం ఆవిడ మొదటిసారి తనే ఒక ప్రశ్న అడిగింది. "అత్తయ్యా, మీరు ఎవరితో కూర్చుని అన్నం తింటారు?" అని. దానికింకా జవాబు రాలేదు. ఆ ఒక్క జవాబు చదువుకుని ఆ తర్వాత అన్నీ ఒప్పేసుకుందామని, కౌన్సిలర్‌తో "పాత పేర్లు చాలా ఉన్నాయండి, చూసి చెప్తాను" అంది.

జవాబు వచ్చే దారి లేదని ఆవిడకు తెలియదు. చిట్టి రాసిన ముక్కలు చూసి భయపడి, ఈ పిల్లను ఇంట్లో ఒంటరిగా వదిలేస్తున్నారని సైటు ఆఫీసుకు చెప్పింది ఆ అత్తయ్యే. ఆఫీసు వాళ్ళు ఆ ముక్కలన్నీ మా కౌన్సిలర్‌కు పంపారు. అలా చెప్పిన వెంటనే ఆ పిల్లతో మాటలు ఆపేయాలని వాళ్ళ నియమం. అక్కడ ఆవిడ నోరు కట్టేశారు, ఇక్కడ ఈవిడ రోజుకు పదిసార్లు ఆ పేజీ తెరిచి చూసుకుంటోంది.

కౌన్సిలర్‌కు ఓపిక తక్కువ. లైబ్రరీ నుంచి పేరు వచ్చేదాకా ఆగలేక, తనే పట్టికలు ముందేసుకుని కూర్చుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలెవరు, తల్లిదండ్రులు ఇద్దరూ ఇంట్లో లేనివాళ్ళెవరు అని ఏరుకుంటూ పోతే ఒక పిల్ల మీద వేలు ఆగింది. తండ్రి ఓడ మీద పనిచేస్తాడు, ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ మీదే. తల్లి ఆసుపత్రిలో నర్సు, డ్యూటీలు ఒక వారం ఉన్నట్టు ఇంకో వారం ఉండవు. పిల్ల మెడలో ఇంటి తాళంచెవి వేసుకుని బస్సెక్కుతుంది. నెమ్మదస్తురాలు, మాట తక్కువ. ఇంకేం కావాలి? తల్లిని రమ్మని ఫోను చెయ్యమంది. నేనే చేశాను.

ఆ తల్లి డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. నా ఎదురుగా సోఫాలో అంచు మీద కూర్చుని, పిల్లకేమైనా అయిందా అని నన్ను అడిగింది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. కౌన్సిలర్ లోపలికి పిలిచింది. అద్దాల తలుపులోంచి మాట వినపడదు గానీ, కౌన్సిలర్ తల ఒక పక్కకు వంచి మెత్తగా మాట్లాడటం, ఆ తల్లి చేతులు రెండూ అడ్డంగా ఊపడం కనిపించాయి.

బయటికి వచ్చి మళ్ళీ ఆ సోఫాలోనే కూలబడింది. ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చి చూసి వెళ్తారట. అవసరమైతే పైవాళ్ళకు రాస్తారట. ఆమె ఏడుపు ఆపుకోవడానికి చేతిసంచీ బిగించి పట్టుకుంది. నేను నీళ్ళు తెచ్చి ఇచ్చాను. అదే సమయానికి కొత్త పుస్తకాల పార్సిలు వచ్చిందని లింకులమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి సంతకం పెడుతోంది.

"నేను డ్యూటీకి వెళ్తే పిల్ల పక్కింట్లోనే ఉంటుందండీ. అన్నం కూడా అక్కడే. ఎవరో రాశారట, నా పిల్ల ఇంట్లో ఒక్కత్తే రేడియో పెట్టుకుని అన్నం తింటోందని" అంది నర్సు నాతో. "మా ఇంట్లో అసలు రేడియోనే లేదండీ."

లింకులమ్మ పెన్ను ఆగిపోయింది. నేను ఆవిడ ముఖం చూశాను. ఏదో చాలా దూరంలో పడిపోయిన చప్పుడు విన్నట్టు అలా నిలబడింది. పెన్ను నా బల్ల మీద పెట్టింది, పార్సిలు నేల మీదే వదిలేసింది, నేరుగా కౌన్సిలర్ గదిలోకి వెళ్ళింది. తలుపు వేయడం మరిచిపోయింది కాబట్టి ఇక్కడినుంచి అన్నీ నేను విన్నవే.

"చిట్టి ఐదో తరగతి పిల్ల కాదండీ. నేనే" అంది.

కౌన్సిలర్‌కు మొదట అర్థం కాలేదు. లింకులు సరిచూడటం, పిల్లల పేరుతో వెళ్ళడం, కథల సైటు, కుక్కపిల్ల, అత్తయ్య, అన్నీ ఆవిడ వరుసగా చెప్పింది. కౌన్సిలర్ కాగితాలు ఎత్తి, ఇవన్నీ మీరే రాశారా అంటూ కొన్ని చదివింది. "మా ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. అన్నం తినేటప్పుడు రేడియో పెట్టుకుంటాను. అందులోవాళ్ళు నవ్వినప్పుడు నేనూ నవ్వుతాను." ఇంకోటి. "సెలవులు నాకు ఇష్టం ఉండవు. సెలవులయ్యాక బడికి వచ్చి మాట్లాడబోతే గొంతు పట్టేసి ఉంటుంది, అన్ని రోజులు వాడలేదు కదా." నేనే రాశానంది ఆవిడ. ఆ కాగితాలు అలా పైకి చదువుతుంటే నాకు చెవులు మూసుకోవాలనిపించింది. ఒకరి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళినట్టుంది.

"అంటే..." కౌన్సిలర్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇంట్లో ఒంటరిగా పిల్లెవరూ లేరన్నమాట?"

"లేరండీ" అంది లింకులమ్మ. "పిల్లెవరూ లేరు."

"అమ్మయ్య" అంది కౌన్సిలర్. అన్ని రోజుల బరువు ఒక్కసారి దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలి, వెంటనే లేచి, నర్సు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పింది. నర్సు ఏడుస్తూనే నవ్వింది. ఇద్దరూ కౌగిలించుకున్నారు. నా కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి, ఎందుకు అబద్ధం చెప్పాలి. ఆ తల్లి మెడ మీద నుంచి కత్తి తొలగిపోయింది మరి.

లింకులమ్మ మాత్రం ఆ గదిలోనే నిలబడి ఉంది. వెనక గోడ మీద అదే పోస్టరు. కౌన్సిలర్ ప్రిన్సిపాలుకు ఫోను చేయడానికి వెళ్ళిపోయింది. కాసేపటికి లింకులమ్మ బయటికి వచ్చి, నర్సు ముందు ఆగి, నా వల్ల మీకు చాలా బాధ కలిగిందండీ అని చేతులు జోడించి, పార్సిలు ఎత్తుకుని లైబ్రరీలోకి వెళ్ళింది.

ప్రిన్సిపాలు మంచాయనే. గట్టిగా రెండు మాటలన్నాడు, ఉద్యోగం జోలికి పోలేదు. ఇకమీదట లింకుల పేజీలో ఏది మార్చాలన్నా కంప్యూటర్ విభాగం చూశాకే అన్నాడు, చిట్టిని ఆ రోజే తీసేయమన్నాడు. తర్వాత మీటింగులో, బడికి పెద్ద గండం తప్పింది, మన పిల్లలందరూ క్షేమం అని చెప్తే అందరూ చప్పట్లు కొట్టారు. లింకులమ్మ కూడా కొట్టింది. నేను చూశాను.

చిట్టిని తీసేయాల్సింది కూడా ఆవిడే. ఎవరు చేర్చారో వాళ్ళే తీసేయాలట. "ఈ విద్యార్థిని నిజంగానే తొలగించాలా?" అని సైటు ఒకసారి అడుగుతుందట, అవును అని నొక్కితే అంతే. నొక్కేముందు జవాబేమైనా వచ్చిందేమోనని చూశారా అని తర్వాత నేను అడిగాను. చూశానంది. లేదంది.

గుట్టుగా ఉంచాల్సిన విషయం కాబట్టి రెండు రోజుల్లో బడి అంతా తెలిసిపోయింది. లెక్కల మాస్టారు ఎదురుపడి, ఐదో తరగతి పాసయ్యారా అని అడిగాడు. ఇంకొకరు, హోంవర్కు చేశావా చిట్టీ అని ఏడిపించారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నోటి దురద. ఆవిడ వాళ్ళకూ తల ఊపింది. ఆ పేరుతో పిలిచినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగేది. ఆ తర్వాతి శుక్రవారం పేజీ తెరిచి చూస్తే, కథల సైటు పక్కన కంప్యూటర్ విభాగం ఒప్పుకున్న కొత్త మాట ఒకటుంది. "ఇక్కడ చదువరి అత్తయ్య అని ఒకరున్నారు. పిల్లలు ఏం రాసినా ఓపిగ్గా చదువుతారు. రాసినవన్నీ నమ్ముతారు కూడా, కాబట్టి సరదాకు ఏదీ రాయకండి."

కొన్నాళ్ళకు బడి మెయిలుకు ఒక ఉత్తరం వచ్చింది. బడి మెయిలు తెరిచేది నేను. సామాన్ల కంపెనీలవి, తల్లిదండ్రుల ఫిర్యాదులు, వాటి మధ్య ఇది. కథల సైటు ఆఫీసు వాళ్ళు, మా చదువరి ఒకరు ఈ ముక్కలు మీకు పంపమని కోరారు అని పంపారు. నాలుగైదు వాక్యాలే.

"పిల్ల ఎవరూ లేరని చెప్పారు. ఊపిరి పీల్చుకున్నాను. అయితే చిట్టి రాసినవి ఎవరో ఊరికే కల్పించి రాసినవి కావు, నాకు తెలుసు. ఆఖరున నన్నొక ప్రశ్న అడిగారు, జవాబు రాయకముందే మా మాటలు ఆపేశారు. నేనూ ఒక్కదాన్నే తింటానని వారికి చెప్పండి. పిల్లల సైటులో పెద్దవాళ్ళం రాసుకోకూడదు, అది సరైన నియమమే. కానీ ఆవిడ ఇప్పుడు ఎవరితో మాట్లాడుతున్నారు? బడివారు ఎవరైనా కనుక్కుని చెప్తే సంతోషిస్తాను."

అంతమంది అంత హడావుడి పడ్డారు, ఈ మాట అడిగింది ఆవిడొక్కతే.

ఆ కాగితం ప్రింటు తీసుకుని లైబ్రరీకి వెళ్ళాను. లింకులమ్మ కిటికీ దగ్గర పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. చదివింది. "నేనూ ఒక్కదాన్నే" అన్న దగ్గర వేలు పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత కాగితం నాకే ఇచ్చేసింది.

"బాగానే ఉన్నానని రాసెయ్యండి" అంది. "లేకపోతే మళ్ళీ ఎవరినో ఒకరిని పట్టుకుంటారు."

నా బల్ల దగ్గరికి వచ్చి అలాగే కొట్టాను, బాగానే ఉన్నారు అని. పంపించడానికి వేలు రాలేదు. అడిగింది బాగున్నారా అని కాదు, ఎవరితో మాట్లాడుతున్నారని. అడిగింది ఆవిడను కూడా కాదు, బడివారిని. మెయిలు తెరిచిన పాపానికి ఆ బడివారు నేనే అయ్యాను. ఏం రాయను? పొద్దున తల ఊపుతారు, సాయంత్రం తల ఊపుతారు అని రాయనా? నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. కొట్టిన ముక్క చెరిపేశాను.

మధ్యాహ్నం గంట కొట్టాక ఫోను వాచ్‌మన్‌కు అప్పగించాను. పదినిమిషాలు చూసుకోవయ్యా, ఎవరు చేసినా భోజనానికి వెళ్ళిందని చెప్పు అంటే, ఇన్నేళ్ళలో ఈ మాట వినలేదే అన్నట్టు నన్ను వింతగా చూశాడు. నా డబ్బా తీసుకుని లైబ్రరీ దాటి, వెనక పత్రికల గది ముందు నిలబడ్డాను. తలుపు వేసి ఉంది. లోపల నుంచి సన్నగా రేడియో వినిపిస్తోంది. ఎవరో జోకు వేశారు, రేడియోలోవాళ్ళు నవ్వారు.

ఏమని పిలవాలో తెలియలేదు. లింకులమ్మ అని ఎదురుగా ఎవరూ పిలవరు, మేడం అంటే వినపడనట్టే ఉంటుంది. నాకన్నా పెద్దది.

"చిట్టక్కా" అన్నాను.

రేడియో ఆగింది. ఏడిపించడానికి వచ్చాననుకుందేమోనని భయమేసింది. తర్వాత తలుపు తెరుచుకుంది. ఆవిడ నా ముఖం చూసింది, నా చేతిలో డబ్బా చూసింది.

"లైబ్రరీలో తినకూడదు" అంది.

"ఇది లైబ్రరీ కాదుగా, వెనక గది" అన్నాను.

ఆవిడ ఒక స్టూలు మీది పాత పత్రికల కట్ట తీసి నేల మీద పెట్టింది. కూర్చున్నాను. ఇద్దరం తిన్నాం. నాకు మాటలు తోచలేదు, ఆవిడకు అలవాటు లేదు. పులి సైటు ఇంకా అలాగే గర్జిస్తోందా అని అడిగాను. గర్జిస్తోందంది. మధ్యలో రెండుసార్లు ఆవిడ చెయ్యి తనంతట అదే రేడియో మీటకేసి వెళ్ళి వెనక్కి వచ్చింది. పదినిమిషాలని చెప్పి అరగంట కూర్చున్నాను, వాచ్‌మన్ తిట్టుకునే ఉంటాడు.

సాయంత్రం ఆ ఉత్తరానికి జవాబు రాశాను. "మీ మాట చెప్పాను. ఇవాళ మధ్యాహ్నం ఆవిడ నాతో కూర్చుని అన్నం తిన్నారు. ఎక్కువ మాట్లాడలేదు. రేడియో మాత్రం పెట్టలేదు" అని.